ఎవరింటి మానిక

మా ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన గురించి గొప్పగా చెప్పడానికి నాకు మాటలు రావు. తర్లుపాడు దగ్గర చిన్న ఊరికి కరణం. చేతిరాత ఎవరికీ అర్థమయ్యేది కాదు కనుక తాలూకాకు పోవలసిన కాగితాలన్నీ నేనే సాపు రాసేదాన్ని.

అప్పుడు మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అయిదేళ్ళకో మారు మార్కాపురం తాలూకా కచేరీ నుంచి కూలి రేట్ల ఫారం వచ్చేది. ఊరూరా కూలి ఎంతో తెలిస్తే దేశంలో జనం బతుకు పెరుగుతోందో తరుగుతోందో తెలుస్తుందని ఆయన నాకు చెప్పారు. ఒక ఏడు ఆయన చెబుతుంటే, ఆడమనిషి రోజు కూలి అన్న గడిలో "మానెడు జొన్నలు", అంటే కొలిచే మానిక నిండా జొన్నలు, అని రాయబోతున్నాను.

వాకిట్లో పల్లె నుంచి వచ్చిన కోతల మేస్త్రమ్మ నిలబడి ఉంది. మరునాడు మా చేలో కోత మొదలు. ఇరవై మంది ఆడవాళ్ళను తెచ్చేది ఆమే. మేమిచ్చే కూలి వాళ్ళ ఇళ్ళకు పోయి చూస్తే తక్కువవుతోందని చెప్పడానికి వచ్చింది.

"ఏం రాపిస్తుండావు సామీ?" అని ఆయన్ను అడిగింది.

"మీ కూలే పెద్దమ్మా. మానెడు" అన్నారాయన.

"ఎవరింటి మానిక?"

ఆయన నా కలం ఆపించారు.

"దుకాణంలో మానెడు కొంటే నా కుండ నిండుతుంది. మీ ఇంట్లో మానెడు తీసుకపోతే నిండదు. కాగితంలో మానెడని ఎక్కినాక మేము నోరు తెరిస్తే ఇస్తానే ఉండారు గదా అంటారు."

లోపలి నుంచి మా అత్తగారు వచ్చారు. "మా మామగారి నాటి మానిక అది. దానికి వంక పెడతావేమే?"

"వంక నేను పెట్టలా పెద్దమ్మగారూ. కుండ పెట్టింది."

ఆయన దుకాణం నుంచి సర్కారు ముద్ర ఉన్న ఇనుప మానిక తెప్పించారు. మా కొయ్య మానిక నిండా జొన్నలు పోసి, పైన చేత్తో గీసి, ఆ ఇనుప మానికలోకి వంచారు. రెండు గుప్పిళ్ళు వెలితి.

ఎవరూ మోసం చేయలేదు. ఆ కొయ్యకు పగుళ్ళున్నాయి. గింజ కారకుండా మా అత్తగారు ఏటా లోపల చింతగింజల జిగురుతో కాగితం అంటించేవారు. కరణం ఇంట్లో పాత కాగితాలకు కరువా? పొర మీద పొర పడి లోపలి చోటు తగ్గిపోయింది.

మేస్త్రమ్మ వేలితో లోపల గీకి చూసింది. "మీ సర్కారు కాగితాలే మా జొన్నలు తినేసినాయి సామీ."

ఆయన నవ్వుతూ నా వైపు తిరిగి, "రెండు గుప్పిళ్ళు తక్కువ మానెడు అని రాయి" అన్నారు.

"మన ఇంటి పరువు మార్కాపురం దాకా పంపుతావురా?" అన్నారు అత్తగారు.

"ఎవరింట్లో అని అడిగే గడి లేదులే అమ్మా."

"ఇన్నాళ్ళు ఇచ్చింది అదే, అదే రాసుకో" అంది మేస్త్రమ్మ. "రేపటి నుంచి మాత్రం నిండు మానెడు. లేదంటే రేపు మేము హనుమంతునిపాడు పోతాము. ఆడ గూడా కోతలే."

ఆయన సరేనన్నారు. ఆ సాయంత్రమే అత్తగారు లోపలి కాగితం నానాలని కొయ్య మానికను నీళ్ళ తొట్టిలో పడేశారు. ఇనుప మానిక వాడమని ఆయన అంటే, "దుకాణం మానికతో కూలి కొలిచే ఇల్లా ఇది?" అన్నారు. తెల్లారేసరికి కాగితమంతా ఒకే చిప్పలా ఊడి వచ్చింది. దాని మీద, ఆయనకు ముందు కరణం చేసిన మా మామగారి అక్షరాలు ఇంకా కొన్ని కనబడ్డాయి.

ఆ రోజు కోత అయినాక అత్తగారే కొలవడానికి కూర్చున్నారు. మొదటి మానెడు ఎత్తగానే పగుళ్ళలోంచి జొన్నలు జలజలా కారాయి. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. అత్తగారికీ నవ్వు వచ్చింది, ఆపుకోలేకపోయారు.

మేస్త్రమ్మ ముందుకు వచ్చి మానిక కింద రెండు అరచేతులూ పట్టింది. "పోయండి పెద్దమ్మగారూ, నేను పడతా" అంది. అత్తగారు పోశారు. కారినవి ఆమె దోసిట్లోంచి వాళ్ళ కొంగుల్లోకే పోయాయి. ఇరవై మందికీ అట్లాగే కొలిచారు.