పదహారు డిగ్రీల వంకర

ఆ వడ్రంగిని అందరూ, మూలలు సరిచూసే పనిముట్టు పేరుతో, మూలమట్టం అంటారు. వెంట్రుకవాసి వంకర కూడా ఆయన కన్ను దాటిపోదని పేరు.

"నీ కంటికి నేను తప్ప లోకమంతా వంకరే," అని భార్య దెప్పేది.

"నిన్నింకా కొలవలేదుగా," అనేవాడు.

మూడు నెలల కిందట, పళ్లు తోముకుంటూ తలెత్తితే, తను బిగించిన గుమ్మమే నీటి అడుగున ఉన్నట్టు మధ్యలో మెత్తగా వంగి కనిపించింది. మూలమట్టం ఆనించి చూశాడు. ఎక్కడా సందు లేదు. చెక్క తిన్నగానే ఉంది. వంగింది చూపు. భార్యకైనా చెప్పలేదు. కన్ను పోయిన వడ్రంగిని ఎవరు పిలుస్తారు? అప్పటి నుంచి ఏ గీత చూసినా అనుమానమే.

ఇలాంటి సమయంలోనే కాలేజీ ప్రయోగశాల మేడమ్ ఒక బొమ్మ గీసిన కాగితం పట్టుకొచ్చింది.

"వానపాము నెత్తుట్లో ఆక్సిజన్ మోసే ప్రోటీన్ ఇది, మామయ్యా. చెక్కతో చేసివ్వాలి. పిల్లలు చేత్తో తడిమి చూడాలి."

"అసలు ఎంతుంటుందమ్మా?"

"మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే, అందులో ముప్పై ముక్కలంత."

"ఓస్, ఇంతేనా!"

"ఇంతే అనకండి. ప్రోటీన్లలో ఇది రాక్షసి. మన హిమోగ్లోబిన్ నాలుగు ఉండలే, కణాల సంచుల్లో తిరుగుతుంది. దీనికి సంచీ లేదు, నేరుగా నెత్తుట్లోనే తేలుతుంది. నూట నలభై నాలుగు ఉండలు. వాటిని కలిపి పట్టే ముడులు ముప్పై ఆరు."

పన్నెండేసి ఉండలు ఒక గుత్తి. ఆరు గుత్తులు ఒక వలయం. వలయం మీద వలయం, రెండంతస్తుల ఎర్రటి మేడ. బొమ్మలో పై అంతస్తు మాత్రం కాస్త పక్కకు తిరిగినట్టు కనిపించింది ఆయనకు. చెయ్యి ఆగిపోయింది. మళ్లీ ఈ పాడు కన్నే! కొలుద్దామంటే ఏటవాలుగా గీసిన బొమ్మ, మూలమట్టానికి దొరకదు. అడిగితే గుట్టు బయటపడుతుంది. కంటిని నమ్మకుండా, గుత్తి మీద గుత్తి తిన్నగా నిలబెట్టి జిగురు పెట్టేశాడు.

ప్రయోగశాలలో మేడమ్ ఆ మేడను మురిపెంగా తిప్పింది. రెండు వలయాల నడుమ ఆమె వేళ్లు ఆగాయి.

"పైది తిప్పలేదేం, మామయ్యా?"

ఆయన వలయాల వైపు వంగాడు. "తిప్పాలా?"

"పదహారు డిగ్రీలు. బొమ్మలో ఉందిగా! ఇలా గుత్తి మీద గుత్తి నిలబడేది సముద్రపు ఇసుకలో ఉండే పురుగుది. వానపాముది కాదు."

"అంటే... ఆ వంకర నిజంగా ఉన్నదేనా?"

"ఉన్నదే. మీ కంటికి కనబడలేదంటే ఎవరు నమ్ముతారు?" అని నవ్వింది.

కనబడింది! కన్ను అబద్ధమాడలేదు. ఒక్క క్షణం ఊపిరి తిరిగొచ్చింది. ఆ సంబరంతోనే కిటికీ వైపు చూశాడు. మధ్య ఊచ మెల్లగా నడుము వంచింది.

కన్ను ఒకసారి నిజం చెబుతుంది, ఇంకోసారి బొంకుతుంది. ఏది ఎప్పుడో తనకు తెలియదు. పనిముట్టు విరిగితే పారేయొచ్చు. దీన్నేం చేయాలి?

"అమ్మా, ఆ మధ్య ఊచ... వంగి ఉందా?"

ఆమె కిటికీని చూసింది. తర్వాత ఆయన్ని చూసింది. చెక్క మేడను బల్ల మీద నెమ్మదిగా దించింది.

"లేదు మామయ్యా. ఎన్నాళ్ల నుంచి ఇలా?"

"మూడు నెలలు," అన్నాడు, బల్ల అంచును గట్టిగా పట్టుకుని.