మిగతా కయ్యంతా మా వదినది

మా వదిన పోయిందని కార్తీక మాసంలో ఒక పొద్దున ఆమె కూతురు ఫోను చేసింది. "చిన్నాయనా, అమ్మ కాఫీ తాగి పడుకునింది. మళ్ళా లేవలా" అని మాత్రం అన్నది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. ఫోను పెట్టేశాక నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, ఊరట. ఇది చదివి ముఖం చిట్లించే బంధువులు నాకు చాలామంది ఉన్నారు. చిట్లించుకోనివ్వండి. ఆమెకు చెప్పవలసిన మాట ఒకటి నలభై ఏళ్ళుగా నా గొంతులో అడ్డం పడి ఉండింది. ఆమె పోవడానికి ఇరవై రోజుల ముందు దాన్ని చెప్పేశాను. ఇంకొక్క నెల ఓపిక పట్టి ఉంటే ఆమె గురించి రాసే మొహం నాకు ఉండేది కాదు.

పదకొండో రోజున ఇంటి ముందు షామియానా వేసి, ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. మా పెదనాన్న కొడుకు మైకు పట్టుకుని ఆమెను త్యాగమూర్తి అన్నాడు. మన ఇళ్ళలోని ఆడపిల్లలకు ఆదర్శం అన్నాడు. తన కూతురి పెళ్ళిలో పసుపు దంచే రోజున, మొగుడు పోయిన మనిషని ఆమెను పిలవనివాడు ఇతడే. నేను జీవితమంతా చదువుతూ బతికినవాణ్ణి. చదివినందువల్ల ఒక్క లాభం కలిగింది: కొన్ని మాటల వెనక ఏముందో వాసన పట్టగలను. ఎవరి దగ్గర లాక్కుంటామో వాళ్ళనే త్యాగమూర్తి అంటాం. ఆ ఆదర్శం కూడా ఆడపిల్లలకేనట. డెబ్బై ఎనిమిదేళ్ళ మగవాణ్ణి, నాకు ఆమే ఆదర్శం. ఆ సంగతి మైకులో చెప్పే అవకాశం నాకు ఇవ్వలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

తోటపల్లి గూడూరు వైపు మా ఊరికి ఆమె కోడలిగా వచ్చేటప్పటికి నాకు పదేళ్ళు. అమ్మ అప్పటికే లేదు. వదిన చదివింది అయిదో తరగతి. వంటింట్లో పని చేసుకుంటూ నన్ను గడప మీద కూర్చోబెట్టి పుస్తకాలు పైకి చదివించుకునేది. అర్థం కాని మాట వస్తే గరిటె ఆపేది. నేను విడమరిచి చెప్పేదాకా కూర మాడినా సరే, గరిటె కదిలేది కాదు. పరీక్షలకు తెల్లవారుజామున లేపి, నిద్ర రాకుండా ఎదురుగా కూర్చుని బియ్యం ఏరేది. నేను కాలేజీలో పాఠాలు చెప్పే మేష్టారిని అయ్యానంటే సగం ఆ గడప పుణ్యమే.

మైపాడు నుంచి చేపల గంప మోసుకొచ్చే మనిషి మా వీధిలో ముందు వదిన గుమ్మంలోనే దించేది. బేరం ఆడేవాళ్ళు కాదు, కష్టసుఖాలు మాట్లాడుకునేవాళ్ళు. పులుసు పెట్టిన రోజు మాకు తిననిచ్చేది కాదు. "చేపల పులుసైనా, మనిషన్న మాటైనా తెల్లారితేగానీ రుచి తెలీదబ్బయ్యా" అనేది. అప్పుడది నాకు వంటింటి వేదాంతంగానే కనిపించింది. తర్వాత నాకు బాగా తెలిసివచ్చింది.

మా వైపు వరి మడిని కయ్య అంటారు. నాట్లు మొదలుపెట్టే రోజున ఇంటి ఇల్లాలు ఈశాన్యం మూల పసుపు నీళ్ళు చల్లి, నారు తొలి కుదురు తన చేత్తో నాటుతుంది. ముత్తయిదువ చెయ్యి పడాలని నియమం. ఆ తర్వాతే కూలీ ఆడవాళ్ళు దిగుతారు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ కుదురు మా వదినే నాటింది. మా అన్న గుండెపోటుతో పోయిన ఏడాది నారు ఎప్పట్లాగే ఎదిగింది. కూలీలు గట్టున నిలబడ్డారు. తొలి కుదురు ఎవరు నాటాలన్నది ప్రశ్న.

నిర్ణయం మా పెదనాన్న చేతిలో ఉండింది. చదువు లేని మనిషి, తలపాగా, చుట్ట. ఆయన చుట్ట తీసి, "ఆ అమ్మే నాటనీలేరా. భూమికి మొగుడున్నదీ లేనిదీ ఏం తెలుస్తాది" అన్నాడు. వద్దని పట్టుబట్టింది నేను. మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చి చప్పట్లు కొట్టించుకున్న నేను. నాకు ఇద్దరు చిన్నపిల్లలు. ఆ ఏడు అన్న పోయాడు, తుపానుకు ఇంటి కప్పు పోయింది. మూడోది నా ఇంట్లో జరుగుతుందేమోనని నాకు భయం పుట్టింది. ఆ భయం నాది అని చెప్పడానికి సిగ్గు అడ్డొచ్చింది. పెరట్లో ఉన్న వదిన దగ్గరికి వెళ్ళి, "పెదనాన్న వద్దంటున్నాడు వదినా. లోకాచారాన్ని మన్నించక తప్పదు. మా ఆవిడ నాటుతుందిలే" అని చెప్పాను.

వదిన నన్ను కాసేపు చూసింది. లోపలికి వెళ్ళి పసుపు గిన్నె తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టింది.

మా ఆవిడది నాయుడుపేట. బజారు వీధిలో పుట్టి పెరిగిన మనిషి, అంతకుముందు బురదలో కాలు పెట్టలేదు. భక్తి ఎక్కువై నారును మెడదాకా గుచ్చింది. కూలీలు నవ్వాపుకోలేకపోయారు. గట్టు మీద నుంచి వదిన, "అంత లోతు గుచ్చబాకమ్మే, దానికి ఊపిరాడదు" అని, చీర కుచ్చెళ్ళు ఎగదోపి కూలీల వరసలోకి దిగింది. సొంత కయ్యలో కూలీ మనిషిలా వంగింది. పెదనాన్న గట్టు మీద నుంచి ఇదేందమ్మా అని కంగారుపడితే, తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"తొలి కుదురు మీరు నాటుకోండి మామా. మిగతా కయ్యంతా నాది."

ఆ రోజు సాయంత్రం దాకా నాటింది. ఆ తర్వాత ప్రతి ఏడూ నాటింది. మరుసటి ఏడు మా ఆవిడ పసుపు గిన్నె నా చేతికిచ్చి, "మీ తొలి కుదురు ఎవరితోనైనా నాటించుకోండి. నేను అక్క పక్కన దిగుతున్నా" అంది. దిగింది. ఆ తర్వాత వదిన కూతురు, ఈడొచ్చాక నా కూతురు. మా ఇంటి ఆడవాళ్ళు ఉద్యోగాలకు సెలవు పెట్టి మరీ నాట్లకు వచ్చేవాళ్ళు. వాళ్ళకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక మనిషి వంగి పని చేస్తుంటే చూశారు, పక్కన చేరారు. చుట్టుపక్కల కయ్యలన్నీ రొయ్యల గుంటలైనా వదిన మాత్రం వరి మానలేదు. నేను ఏటేటా గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడేవాణ్ణి. ఆ గొడుగు కింద నాకున్నంత ఉక్క, ఎండలో ఉన్న ఆడవాళ్ళకు ఉండి ఉండదు.

పెదనాన్న చనిపోయాడు. వద్దన్న మాట ఆయన పేరు మీదే ఉండిపోయింది. బంధువుల్లో ఎవరి తప్పులైనా ఎత్తిచూపడానికి నేనెప్పుడూ వెనకాడలేదు. పెళ్ళిళ్ళలో, పంపకాల్లో, చివరికి చావు ఇళ్ళలో కూడా. నా నోటికి జడిసి సగం మంది నాతో మాట్లాడరు. ఆ నోరు ఈ ఒక్క మాటకూ పెగల్లేదు.

ఈ ఆశ్వయుజంలో వదినకు ఆయాసం ఎక్కువైందని తెలిసి వెళ్ళాను. వసారాలో మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. గింజ పంటికింద పెట్టి కొరికి, విత్తనాల తేమ చూస్తోంది. మా ఆవిడ, వదిన కూతురు వంటింట్లో ఉన్నారు. దారిలో బస్సులో కట్టుకున్న వాక్యాలన్నీ మరిచిపోయాను. ఆ రోజు వద్దన్నది పెదనాన్న కాదు, నేనేనని చెప్పాను.

ఆమె గింజ ఊసి, "తెలుసులేబ్బయ్యా" అంది.

ఎవరు చెప్పారని అడిగాను.

"ఒకరు చెప్పాల్నా? ఆ పెద్దాయన జన్మలో లోకాచారం అని ఎరుగునా? ఆ మాటకు నువ్వే గడప మీద కూర్చోని నాకు అర్థం చెప్తివి. ఆ రోజు కూర కూడా మాడింది."

నవ్వు రాలేదు నాకు. అంత తెలిసి ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదన్నాను.

"అడిగితే నువ్వు రావడం మానేస్తావు. నీకు మొహమాటం జాస్తి, ధైర్యం తక్కువ." కాసేపు ఆయాసపడి మళ్ళీ అంది: "మర్చిపోయినాననుకోబాక. నాట్లకు వంగినప్పుడల్లా గుర్తొచ్చేది. ఆ కోపంలో ఇంకో నాలుగు కుదుళ్ళు ఎక్కువే పడేవి."

క్షమించు వదినా అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. ఈసారి నాట్లకు నన్ను కయ్యలోకి దిగమంది. మన ఇంట్లో ఏ మగవాడూ ఒక్క కుదురు నాటలేదు, నువ్వు నాటు అంది. ఇది శిక్షా అని అడిగాను.

"శిక్షేంది? దిగి చూడు. నడుం ఎట్టుంటాదో తెలుస్తాది, అంతే."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని హాయిగా నిద్రపోయాను. బస్సులో నిద్రపోవడం నా ఎరుకలో అదే మొదలు.

మా పెదనాన్న కొడుక్కి ఇక్కడ ఒక మాట. నీతో నాకున్న తగాదాలు అట్లాగే ఉండనీ, పసుపు దంచే రోజున నువ్వు చేసింది నేను మరిచిపోను. కానీ ఆ తొలి కుదురు విషయంలో మీ నాన్న తప్పేమీ లేదు. మన వంశంలో చదువు లేని ఒక్క మగవాడే ఆ రోజు సరైన మాట అన్నాడు. ఆయన్ను నలభై ఏళ్ళు దోషిగా నిలబెట్టినవాణ్ణి నేను.

మైల తీరేటప్పటికి నారు కొంచెం ముదిరింది. ఇంకా ఆగితే పనికిరాదని వదిన కూతురు పన్నెండో రోజునే కూలీలను పిలిపించింది. నేను పంచె ఎగగట్టి, ఆమె భుజం పట్టుకుని దిగాను. బురద మోకాళ్ళు పట్టుకుంది. కూలీ ఆడవాళ్ళలో ఒక పెద్దావిడ, "ఏం సామీ, సార్లకు కూడా ఇప్పుడు కూలి పని ఇస్తన్నారా" అంది. అందరూ నవ్వారు. గట్టున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మా ఆవిడ అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆ రోజు తొలి కుదురు ఎవరు నాటారో నేను చూడలేదు. పడిపోకుండా నిలబడే పనిలో ఉన్నాను. తలెత్తేసరికి అందరూ నాటుతున్నారు.

నేను నాటిన వాటిలో రెండు నీళ్ళ మీదికి తేలాయి. పక్కనున్న పిల్ల మాట్లాడకుండా వాటిని మళ్ళీ గుచ్చింది. పదో కుదురుకు నడుము పట్టేసింది. గట్టెక్కి కూర్చున్నాను. రొయ్యల గుంటల వైపు నుంచి నీళ్ళు చిలికే చక్రాల చప్పుడు, సముద్రం గాలి. నాటేవాళ్ళు ముందుకు నడవరు. నాటిన మొక్కను తొక్కకుండా వెనక్కి అడుగు వేస్తారు. ఆ ఆడవాళ్ళంతా నావైపు ముఖాలు పెట్టి, వంగిన తలలతో, ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ దూరమవుతున్నారు. వాళ్ళకూ నాకూ మధ్య పచ్చదనం పెరుగుతూ పోయింది. కాసేపటికి ముఖాలు ఆనవాలు పట్టలేకపోయాను. వంగిన వీపుల వరస మాత్రం కనిపిస్తోంది.