మా గోడ మీది జింకలు

అరవైల మొదట్లో కుందుర్పి బడిలో ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు, మా తెలుగు అయ్యవారు ఒక పాత కావ్యంలోని అడవి వర్ణన చెప్పారు. పద్యం ఎవరికీ నోటికి రాలేదు. ఆయన విసుక్కోలేదు.

"నోటికి రాకుంటే చేతికన్నా వస్తాదేమో సూద్దాం. ఈ గది ఎనక గోడ మీద ఆ అడవి బొమ్మ గీయండి, అందరూ కలిసి" అన్నారు.

రంగులు కొనే ఊసే లేదు. బొగ్గు, ఎర్రమన్ను, పసుపు, చిక్కుడాకు పసరు తెచ్చుకున్నాం. నీళ్లకు నీలం కావాలంటే, నాయన పంచెలకని అమ్మ దాచుకున్న నీలిమందు పొట్లాన్ని చెప్పకుండా పట్టుకుపోయాను. వానలు లేని రెండో ఏడు అది. ఊరి చెరువులో మేకలు తిరిగేవి. అందుకేనేమో, మడుగు గీయడానికి అందరం పోటీపడ్డాం. చివరికి అది సగం గోడ ఆక్రమించింది. దాని ఒడ్డున నేనూ, నా పక్కన కూర్చునే గొర్రెల కాపరి కూతురూ కలిసి ఆరు జింకలను నిలబెట్టాం. ఆరూ తలలు వంచి నీళ్లు తాగుతున్నాయి.

ఒక మధ్యాహ్నం ఆ పిల్ల నాయన కూతురిని పిలుచుకుపోవడానికి వచ్చాడు. భుజాన కంబళితో వాకిట్లోనే నిలబడి గోడను చాలాసేపు చూశాడు.

"బాగుండాది గానీ పాపా, అన్నీ తల వంచితే ఎట్ల? తోడేలు వస్తే యెవరు సూస్తారు? ఒగటన్నా తలెత్తుకోని ఉండల్ల" అన్నాడు.

నాకు రోషం వచ్చింది. "పద్యంలో అట్ల లేదు" అన్నాను.

అయ్యవారు పుస్తకం తెరిచారు. వేలితో పాదం వెంబడి పోతూ ఒకచోట ఆగిపోయారు. ఒక జింక మెడ ఎత్తి, చెవులు నిక్కించి చూస్తోందనే మాట అందులో ఉంది. మాకు అర్థం చెప్పేటప్పుడు ఆయనే దాన్ని దాటేశారు.

"నేనే తప్పు చెప్పినాను పిల్లల్లారా" అన్నారు.

కాపరిని లోపలికి పిలిచి కుర్చీ చూపించారు. ఆయన కుర్చీలో కూర్చోలేదు. తలుపు దగ్గరే గొంతుక్కూర్చున్నాడు. అయ్యవారు పద్యం మళ్లీ చదివి, ఒక్కొక్క మాటా విప్పి చెప్పారు, ఈసారి ఆయనొక్కడి కోసమే అన్నట్టు.

అంతా విని ఆయన అడిగాడు: "ఇది రాసినాయన గొర్లు కాసినాడా, అయ్యోరా?"

మేం నవ్వాం. అయ్యవారు నవ్వలేదు. "కాసే ఉంటాడప్పా" అన్నారు.

మరుసటి రోజు సున్నం పూసి ఒక జింక తల చెరిపేశాం. కొత్త మెడను నా స్నేహితురాలే గీసింది. చెవులకోసం పెద్ద రభస జరిగింది. ఎడమ చెవి నాకు దక్కింది.

ఎండాకాలం సెలవుల్లో బడికి వెల్ల వేశారు. తొమ్మిదో తరగతికీ మాకు ఆ గదే ఇచ్చారు, కానీ తిరిగొచ్చేసరికి గోడ తెల్లగా ఉంది. అయ్యవారికి బదిలీ అయిపోయింది. కొత్తగా వచ్చినాయనకు అది వట్టి గోడే. మేం మాత్రం ఆ ఏడంతా వెనక వరసలో కూర్చోవడానికి తోసుకునేవాళ్లం.