తీగ సాగని నీళ్లు

"ఉండలు కట్టిండాదా మే?" అన్నాడు.

"లేదులేయ్యా, తాగు" అన్నాను.

నంద్యాల ఆసుపత్రిలో, రాగిజావ గ్లాసు చేతిలో పట్టుకుని మా ఆయన ఓబులేసు నాతో అన్న ఆఖరి మాట అది. ఆయనతో నేనన్న ఆఖరి మాటా అదే. ఉండల సంగతి ఎందుకడిగాడో పక్క మంచం వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. నాకు సంతకం వరకే వచ్చు కాబట్టి, మా చెల్లెలి కూతురు సుజాతను కూర్చోబెట్టి ఇది రాయిస్తున్నాను.

పదిహేనేళ్ల కింద ఒక కాంట్రాక్టరు ఆళ్లగడ్డ నుంచి మమ్మల్నిద్దరినీ గుజరాత్‌లో చమురు బావుల పనికి తీసుకుపోయాడు. ఆయన మిక్సింగ్ ట్యాంకు ఆపరేటరు, నేను పొడి పోసే కూలీని. మా పైన షిఫ్టు ఇంజినీరు.

భూమి లోపలి బండలో సన్న సన్న రంధ్రాలుంటాయి. చమురు వాటిలో ఇరుక్కుని ఉంటుంది. ఒక బావిలోకి నీళ్లు పంపితే అవి చమురును పక్క బావి వైపు నెట్టాలి. ఉత్త నీళ్లు పలుచన, సులువైన దారి చూసుకుని జారిపోతాయి. అందుకని పాలిమర్ అనే తెల్ల పొడి కలిపి చిక్కన చేస్తారు. చిక్కటి నీళ్లు నిదానంగా అన్ని వైపులా పరుచుకుని నెడతాయి. పొడిని సుడి తిరిగే నీళ్లలో చల్లాలి, తర్వాత గంటల తరబడి మెల్లగా తిప్పాలి.

మాది సంకటి చేయి. ఎసట్లో పిండి కుప్పగా పోసి, ఉండ కడితే కట్టెతో చావగెలుకుతాం. కొలిమిగుండ్ల నుంచి కొత్తగా వచ్చిన ఈశ్వరమ్మ ఒకరోజు అట్లాగే బస్తా మొత్తం కుమ్మరించింది. చేపకళ్ల మాదిరి ఉండలు తేలాయి. అవి బావిలోకి పోతే బండ రంధ్రాలు పూడిపోతాయి. పంపు వేసే వేళ దగ్గరపడింది. మా ఆయన కాలు నిలవక అటూ ఇటూ తిరిగి, చివరికి మోటారు వేగం పెంచాడు. ఉండలన్నీ కరిగాయి.

"సూడుమే, సంకటి గెలికినట్టే" అని నవ్వాడు.

నేను వేలు ముంచి ఎత్తాను. రోజూ తీగ సాగేది, ఆరోజు చుక్కలు రాలాయి. జోరుగా తిప్పితే పాలిమర్ పోగులు తెగుతాయని ఇంజినీరు మొదటిరోజే చెప్పి ఉన్నాడు.

"ఉత్త నీళ్లయిపోయినాయి" అన్నాను.

"నోర్ముయ్. లోపలికి పోయినాక ఎవురికి తెలుస్తాది?"

నిజమే. ఆరోజు చిక్కదనం పరీక్షకు నీళ్లు తీసుకుపోవడం అప్పటికే అయిపోయింది. పక్క బావిలో చమురు పెరిగిందీ లేనిదీ తేలడానికి నెలలు పడుతుంది. చెబితే మాత్రం ఆ పూటే ఆపరేటరు పని పోతుంది. ఈశ్వరమ్మ ఏడుస్తూ, తన పేరే చెప్పమంది. ఆయన పంపు స్విచ్చి దాకా చేయి పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. నేను గోడకానుకుని చూస్తున్నాను. చివరికి ఇంజినీరుకు ఫోన్ చేశాడు.

ఇంజినీరు వచ్చి చూసి ట్యాంకు పారబోయమన్నాడు. ఎవరు చేశారని అడిగితే, మోటారు పెంచింది తానేనని మా ఆయన చెప్పాడు, ఈశ్వరమ్మ పేరెత్తలేదు. మరునాటి నుంచి బస్తాలు మోశాడు. మేం ఊరికి తిరిగి వచ్చేదాకా ఆయనకు ఆపరేటరు పని మళ్లీ ఇవ్వలేదు. నేను మోకాళ్లు పోయేదాకా పొడి చల్లాను.

పొడి కుప్పగా పోయకూడదు. పోస్తే ట్యాంకు పారబోయాలి, మోటారు పెంచకూడదు. నేను నేర్చుకున్నది అంతే.

ఏం సుజాతా, ఓబులేసు ట్యాంకు చెడగొట్టినాడని ఆళ్లగడ్డలో ఇప్పటికీ అంటాండారు. ఫోన్ చేసి ఆపిచ్చింది గూడా ఆయప్పే అని రాసినావా? యాడ రాసినావో ఆడ్నించి సదువు, ఇంటా.