గుమ్మడికాయలో మామగారు

బొమ్మలు వేసేవాళ్ళు కూరగాయలు పెంచకూడదు. పెంచితే నాలాగా రెంటికీ చెడ్డ రేవడి అవుతారు. పొద్దున్నే బ్రష్ తడుపుకుని కూర్చుంటానా, బెండ మొక్కలకు పేనుబంక పట్టిన సంగతి అప్పుడే గుర్తొస్తుంది. వేపనూనె కొట్టి వచ్చేసరికి పళ్ళెంలో రంగు అట్టకట్టి ఉంటుంది. తిరువళ్ళూరులో మా ఇంటి వెనక పాదులన్నీ ఏపుగానే ఉన్నాయి. ముందుకు సాగనిదల్లా మామగారి బొమ్మే.

మామగారి అరవయ్యేళ్ళ పెళ్ళికి, అదే షష్టిపూర్తికి, తిరుత్తణిలో మండపం మాట్లాడారు. వాకిట్లో పెద్ద ఫ్లెక్స్ కట్టిద్దామని అందరూ అంటుంటే, ఇంట్లో ఆర్టిస్టును పెట్టుకుని ఫ్లెక్స్ ఏమిటని నేనే నోరు జారాను. నిలువెత్తు బొమ్మ నేను వేస్తానన్నాను. ఆయన ఒప్పుకున్నారు గానీ షరతు పెట్టారు.

"చూడంగానే నేనని తెలియాల. ల్యాకపోతే ఫ్లెక్సే."

మొదటి బొమ్మ చూసి, "ఎవురమ్మా ఈయన? కడంబత్తూరులో రైలెక్కే ఆసామి మాదిరి ఉండాడే" అన్నారు. రెండురోజులు మీసంతో కుస్తీపట్టి మళ్ళీ చూపించాను. "ఇప్పుడు ఆ ఆసామి తమ్ముడి మాదిరి ఉండాడు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. నేను కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆ ఇంట్లో నా పనికి పేరు ‘పొద్దుపోక గీసుకోవడం’. ఒక్కసారి ఆయన నోటితో "ఇది నేనే" అనిపించాలని నా పంతం.

ఈలోగా, పందిరి మీది పాదుకు నిలిచిన ఒకే ఒక్క బూడిద గుమ్మడి పిందె మీద అత్తగారి కన్ను పడింది.

"లేతగా ఉన్నప్పుడే పెసరపప్పేసి కూటు చేస్తే వెన్న మాదిరి ఉంటాది" అంది, వంటింట్లో కత్తిపీట వైపు చూస్తూ.

నాకేమో అది బాగా ముదిరి, ఒంటినిండా తెల్లగా బూడిద పట్టాక దాని బొమ్మ వేయాలని ఆశ. అత్తగారితో వాదించి గెలిచినవాళ్ళు మా వంశంలో లేరు. అందుకని ఒక ఉపాయం చేశాను. మా వైపు కొత్త ఇళ్ళకు దిష్టి తగలకుండా రాక్షసుడి మొహం వేసిన గుమ్మడికాయ కడతారు. అలాంటి కాయను ఎంత ఆకలేసినా ఎవరూ కూటులో వేయరు. అత్తగారు కునుకు తీస్తుండగా ఆ పిందెకు మిడిగుడ్లు, మెలితిరిగిన మీసం, కోరలు గీసేశాను. సాయంత్రం ఆవిడ కత్తితో వెళ్ళి, చెంపలు వేసుకుంటూ తిరిగొచ్చింది.

కోసేసిన కాయ మీదే ఎవరైనా రాక్షసుణ్ణి గీస్తారు. పాదు మీది పిందెకు గీస్తే అది పెరుగుతుందని నాకు తట్టలేదు.

నేను మూడో బొమ్మతో తంటాలు పడుతుంటే కాయ తన మానాన తాను లావైంది. మిడిగుడ్లు ఎడంగా జరిగాయి. మెలితిరిగిన మీసం సాగి కిందికి వాలింది. రంగు పగిలి కళ్ళ చుట్టూ ముడతలు పడ్డాయి. కోరలు బూడిదలో కలిసిపోయాయి. బుగ్గలు మాత్రం నిండుగా పొంగాయి.

మండపంలో భోజనాల సంగతి మాట్లాడటానికి తిరుత్తణి నుంచి మామగారి అక్క వచ్చింది. కరివేపాకు కోసుకొస్తానని పెరట్లోకి వెళ్ళి ఒక్క కేక పెట్టింది.

"ఒరే తమ్ముడా! నువ్వు ఈడ యాలాడతా ఉండావేందిరా?"

అందరం పరుగెత్తాం. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకముందే "నేను కాదు" అన్నాను. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది. మామగారు కాయ ఎదుట నిలబడ్డారు. కాయ కూడా ఆయన్ని నింపాదిగా చూసింది. ఆయన చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది.

"రాక్షసుణ్ణే వేశాను మామా, అది పెరిగి పెరిగి మీ మాదిరి..." అంటూ నాలుక కరుచుకున్నాను.

ఆయన వినిపించుకోలేదు. వంగి, తల ఇటూ అటూ తిప్పి, "ఎడమ కన్ను రవంత చిన్నది. నాకూ అంతే. ఇది నేనే" అన్నారు.

అన్నాళ్ళు నేను ఎదురుచూసిన మాట అది. తీరా వస్తే గుమ్మడికాయకు వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక, చిక్కుడు పాదుకు చీడ పట్టిందేమో చూసే వంకతో అక్కణ్ణుంచి జారుకున్నాను.

మర్నాడు పొద్దున నేను నీళ్ళ బకెట్టుతో పెరట్లోకి బయల్దేరుతుంటే, మామగారు ఆ కాయను చంటిబిడ్డలా ఎత్తుకుని ఎదురొచ్చారు. బొమ్మ కోసం రోజూ తాను కూర్చునే కుర్చీలో దాన్ని పెట్టి, దొర్లకుండా చుట్టూ తన తుండుగుడ్డ దోపారు.

"ఫ్లెక్సు వద్దని చెప్పేసినా. నేను కూర్చుంటే నీకు కుదురుబాటు కాలేదు. దీన్ని చూసి వెయ్యమ్మా, ఇది కుళ్ళేలోపల కానీ" అన్నారు.

నా చేతిలోని బకెట్టు లాక్కుని, బెండ మొక్కలకు నీళ్ళు పోయడానికి తానే వెళ్ళారు.