సర్వపిండి, చుక్కల గుంపులు

నిజామాబాద్‌లో ఒక కాలేజీవాళ్లు మా మనవరాలిని పాఠం చెప్పి చూపించమన్నారు. నచ్చితే ఉద్యోగం. బోధన్ నుంచి రోజూ బస్సులో పోయి రావచ్చు. లేకపోతే హైదరాబాద్‌లో హాస్టలే. అది నాకు ఇష్టం లేదు. అందుకే సర్వపిండి చేస్తున్న పూట ఆమె వంటింట్లో కూర్చుని పాఠం మొదలుపెడితే కసరలేదు. నేను మూడో తరగతిలోనే బడి మానినదాన్ని. నాకు తలకెక్కితే అందరికీ ఎక్కినట్టేనని ఆమె ధీమా.

"ఆకాశంల చుక్కల గుంపులు ఒకదానికొకటి దూరమైతున్నయవ్వా. పోంగ పోంగ ఇంకా జోరుగ."

"యాడికి ఉరుకుతున్నయి?"

"ఉరుకుతలేవు. నడుమ జాగనే సాగుతున్నది."

బియ్యప్పిండి ముద్దను గిన్నెలో వేళ్లతో ఒత్తుతున్నాను. పలచబడేకొద్దీ అందులోని శనగపప్పు పలుకులు ఎడమవుతున్నాయి. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"గిదే అవ్వా. పప్పు నడుస్తలేదు, పిండి సాగుతున్నది."

"చెయ్యి ఇడువు, పిండి ఆరుతది. అయితే మనకు నిజామాబాద్ గుడ దూరమైతదా? ఆటోవోల్లకు చెప్పకు, కిరాయి పెంచుతరు."

"కాదు. దగ్గరున్నయి ఒకదాన్నొకటి పట్టుకొనే ఉంటయి. పప్పు పలుకు పెద్దగైతలేదు గద."

"మరి గా పిండిని ఒత్తే చెయ్యెవలిది?"

"లొల్లంత గాడనే ఉన్నది. కండ్లకు కనవడని శక్తి ఒకటి ఒత్తుతున్నదని శానమంది అంటరు. ఇంకొందరు చెయ్యే లేదంటరు. గురుత్వాకర్షణ లెక్క మనకాడ సరిపోయినట్టు అంత దూరంల సరిపోదు, లెక్కనే మార్చాలె అంటరు."

"ఏది నిజం?"

"ఇంకా తేలలే." ఆమె గొంతు తగ్గింది. "వాళ్లు గదే అడిగితె? తెల్వదంటె నౌకరి ఇస్తరా? ఒక దిక్కు పట్టి చెప్పుదునా?"

"పొలం గెట్టు పంచాయితి తెగకముందు మీ తాత నాగలి కట్టనిచ్చిండా? తేలలేదంటె తేలలేదనే చెప్పు."

ముఖం ముడుచుకుంది కానీ, పాఠంలో చూపించడానికి డబ్బాలో కాస్త పిండి అడిగి పట్టుకుని బస్సుకు పోయింది.

సాయంత్రం గుమ్మంలోనే చెప్పులు విడుస్తూ చెప్పింది. "ఫస్టు గదే అడిగిండ్రవ్వా. తేలలేదన్న. ఎట్ల తేలుస్తరో గుడ చెప్పిన. రెండు లెక్కలల్ల చుక్కల గుంపులు గూడే తీరు వేరే ఉండాలె, గది కొలుస్తున్నరని. సోమవారం నుంచి నౌకరికి రమ్మన్నరు."

"కాళ్లు కడుక్కొని రా" అన్నాను.

ఇప్పుడు పొద్దున్నే బస్సుకు పోయే ముందు మా ఇద్దరికీ వాదమే. నేను చెయ్యి ఉందనేవాళ్ల వైపు. ఆమె ఎటూ చెప్పదు, నవ్వుతూ టిఫిన్ సర్దుకుంటుంది.