ఉడుం వెల్లకిలా పడ్డ రోజు

లాండ్రీలో ఇస్త్రీ చేసే అతన్ని వీధి వీధంతా ఉడుం అనే పిలిచేది, పట్టు పడితే వదలడని. పగలంతా బరువైన ఇస్త్రీ పెట్టెతో కుస్తీ, సాయంత్రమైతే వ్యాయామశాలలో పరుపు మీద బావమరిదితో కుస్తీ. అదంతా సరదాకే. అయినా జాతీయ పోటీలకు ఎంపికయ్యాడు. భార్య ఎగిరి గంతేసింది. అంతలో యుద్ధం వచ్చి పడింది.

సైన్యంలోకి రమ్మని బావా బావమరుదులిద్దరికీ పిలుపొచ్చింది. ఉడుముకి గుండె జారిపోయింది. తక్కువ బరువు పోటీలో దిగాలంటే ఒళ్ళు ఎలా కరిగించాలో కుస్తీవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. లాండ్రీ ఆవిరి గదిలో రబ్బరు కోటు తొడుక్కుని కూర్చున్నాడు. తిండి మానేశాడు, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. సైన్యం డాక్టరు ముందు నాలుగు దగ్గులు దగ్గాడు.

"ఊపిరితిత్తులు పాడైనట్టున్నాయి, ఇంటికి పో నాయనా" అన్నాడా మహానుభావుడు. బావమరిది మాత్రం యుద్ధానికి వెళ్ళాడు.

అబద్ధం ఎంత పక్కాగా కుదిరిందంటే, ఇక అందులోంచి బయటపడే దారే లేకపోయింది. రోగిష్టివాడు కుస్తీ ఎలా పడతాడు? యుద్ధం నడిచినన్నాళ్ళూ సైనికుల చొక్కాలకు ఇస్త్రీ చేస్తూ, ఎవరైనా వస్తే దగ్గుతూ బతికాడు. భార్య పాలు కాచి ఇస్తుంటే సిగ్గుతో చచ్చిపోయేవాడు. అయినా తాగేవాడు.

యుద్ధం ముగిశాక బావమరిది ఎడమ చెయ్యి లేకుండా తిరిగొచ్చాడు. వచ్చీరాగానే "బావా, నీ ఆరోగ్యం ఎలా ఉంది?" అని అడిగాడు. ఉడుముకి తల కొట్టేసినట్టయింది.

వ్యాయామశాల మళ్ళీ తెరిచిన రోజు బావమరిది పట్టుబట్టాడు. "ఒక్క పట్టు పడదాం రా బావా. నాది ఒంటి చెయ్యి, నీకేమో ఊపిరాడదు. సరికి సరి!"

అందరూ నవ్వారు. తప్పించుకోలేక ఉడుం పరుపెక్కాడు.

ఆ చెయ్యి మెడ మీద పడగానే ఒళ్ళు అతని మాట వినడం మానేసింది. మెడ బిగుసుకుంది, నడుం కిందికి దిగింది, కాళ్ళు పాతుకుపోయాయి. బావమరిది లాగాడు. కదల్లేదు. మళ్ళీ లాగి, ఆగి, మొహంలోకి చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది ఉడుముకి. గబుక్కున దగ్గి, తనంతట తానే వెల్లకిలా పడిపోయాడు. చుట్టూ ఒకటే చప్పట్లు.

బావమరిది వంగి చెవిలో అన్నాడు. "ఇది రోగిష్టివాడి మెడ కాదు బావా."

ఉడుం మళ్ళీ దగ్గబోయాడు.

"అక్కకి చెప్పన్లే. లే, అందరూ చూస్తున్నారు" అంటూ చెయ్యందించాడు. అతనికి ఉన్నది ఆ ఒక్కటే. దాన్నే పట్టుకుని లేవక ఉడుముకి తప్పలేదు.